బొటనవేలి కింద గింజ

మృగశిర కార్తె వచ్చిందంటే మా కదిరి పల్లెల్లో అందరి చూపూ మబ్బు మీదే. ఏడాది మొత్తం కలిపి 550 మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప. ఉమ్మడి అనంతపురం 2022 ఏప్రిల్‌లో రెండు జిల్లాలయ్యాక మేం శ్రీ సత్యసాయి జిల్లావాళ్లమయ్యాం. వాన మాత్రం అదే వాన. ఎర్రనేల తడిని దాచుకోదు. పదును నిలిచేది రెండు మూడు రోజులు. ఆలోపు చెనిక్కాయ, అంటే వేరుశనగ, విత్తనం నేలలో పడాలి.

అంత తక్కువ వ్యవధిలో ఎవరి చేను వాళ్లే విత్తుకోవడం కుదిరేపనా? అందుకే అప్పట్లో బదులు పని. ఈ రోజు మా చేనికి మీరొస్తే రేపు మీ చేనికి మేము. ఒంటెద్దు ఉన్నవాళ్లు ఇంకొకరి ఒంటెద్దుతో జత కలిపేవాళ్లు. ఎద్దులే లేనివాళ్లు కలుపుకో, కాయలు పెరకడానికో వచ్చి బాకీ తీర్చేవాళ్లు. అంతా నోటిలెక్క. ఊరంటే మంచితనం అని అందరూ అంటారు. ఆ మంచితనాన్ని మాకు నేర్పింది పదునే అని నా నమ్మకం.

గొర్రు తోలేది మగవాళ్లు, విత్తేది ఆడవాళ్లు. గొర్రు మీద జడ్డిగం ఉంటుంది, చెక్కను తొలిచి చేసిన గిన్నె. దాని అడుగున బొక్కలు, ఒక్కో బొక్క నుంచి ఒక్కో వెదురు గొట్టం సాలులోకి దిగుతుంది. ఒడిలో విత్తనం కట్టుకుని, పిడికిలి జడ్డిగం మీద ఆనించి, గొర్రుతో పాటే నడవాలి. బొటనవేలు గింజల్ని తోస్తుంటే చెయ్యి అన్ని బొక్కల మీదా తిరుగుతుండాలి. ఎద్దులు అడుగు పెంచితే చెయ్యీ వడి పెంచాలి. పొరపాటున ఒక బొక్క మీద చెయ్యి తప్పితే అక్కడ సాలు ఖాళీ. మట్టి కప్పేస్తుంది కాబట్టి అప్పుడెవరికీ తెలియదు. వారం పది రోజులకు మొలక వచ్చాక ఊరంతా చూస్తుంది.

పద్నాలుగేళ్లప్పుడు పక్కవాళ్ల చేనిలో నాకదే జరిగింది. ఒక సాలు బారెడు పొడుగున బోసిగా మిగిలింది. మా అవ్వ నన్ను కోప్పడలేదు. టీఎంవీ-2 రకం చెనిక్కాయలు దోసెడు ఒలిపించింది. పొర చిట్లిన గింజ మొలవదని ఒక్కోటీ వేలితో తడిమి ఏరింది. తెల్లవారకముందే నన్ను తీసుకుని ఆ చేనికి పోయింది. ఇద్దరం వంగి, గింజ పడని చోట పోగుంటలు నాటాం. "బొటనవేలు చెప్పిందాకా గింజ కదలకూడదు పాపా," అంది. అంతకుమించి ఒక్క మాట అనలేదు. చేనిగల అక్క ఆ పొద్దున మాకు రాగిసంగటి పెట్టి పంపింది.

ఇప్పుడు ట్రాక్టర్ గొర్రు వచ్చింది. గంట లెక్కన బాడుగ కట్టి, పదును ఆరకముందే విత్తుకుంటున్నాం. అది రావాల్సిందే. ఎద్దుల మేతకు, నీళ్లకు మా అమ్మ పడిన పాట్లు చూసినదాన్ని, వద్దని అనలేను. కానీ చేనిలో ఇప్పుడు ఇద్దరు ముగ్గురే కనిపిస్తారు. గట్టు మీద సద్దులు విప్పుకుని పది చేతులు పంచుకున్న పచ్చడి రుచి నాకింకా గుర్తుంది.

పోయిన ఏడాది ట్రాక్టర్ వెనక మా అమ్మ నడుస్తోంది. ఆమెకు అరవై దాటాయి. సగం చేను దాటాక ఉన్నట్టుండి చెయ్యెత్తి, "ఆపు నాయనా," అని కేకేసింది. డ్రైవరు కుర్రాడు దిగి చూశాడు. చివరి గొట్టం మూతిలో తడిమట్టి బిగుసుకుని ఉంది. ఆ కుర్రాడు పుల్లతో మట్టి తీస్తుండగా అమ్మ ఒడి నిండా విత్తనం పోసుకుంది. ఖాళీగా పోయిన సాలు మొదటికి నడిచి, వంగి, పిడికిలి నేల దగ్గరికి దించింది.