కూలరు తొట్టిలోని నీరు

వైశాఖము మొదలు మృగశిర కార్తె వరకును మా భిలాయి పట్టణమున, అందును నెహ్రూ నగర్ వంటి వాడలయందు, కిటికీకొక కూలరు చొప్పున రేయింబవళ్లు తిరుగుచునే యుండును. ఉక్కు కర్మాగారమును నమ్ముకొని శ్రీకాకుళ విజయనగర ప్రాంతములనుండి తరలివచ్చిన మన కుటుంబములకు ఎండలు క్రొత్తవి కావు గాని, సముద్రపు చెమ్మ గల మన ఊళ్లలో అంతగా అక్కరకురాని ఈ యంత్రము, ఇచ్చటి పొడి వడగాలిలో నీటిని ఆవిరిచేసి గదిని నిజముగా చల్లబరచుటచేత, ప్రతి గృహమునకును అవశ్యమైన వస్తువైనది. తొలకరి పడినంతనే మీట ఆపి, నీటిని మాత్రము తొట్టిలోనే విడిచి, మరుసటి వేసవిదాక దానిని మరచిపోవుట మన అలవాటు. పసిబిడ్డల ఆరోగ్యమును గూర్చి వ్రాయదలచినప్పుడు నాకు మొట్టమొదట ఆ తొట్టియే కన్నులయెదుట నిలుచుచున్నది.

2018వ సంవత్సరము వర్షఋతువున ఈ పట్టణమున డెంగ్యూ విజృంభించి, ఖుర్సీపార్ మొదలగు శ్రామికుల బస్తీలను అల్లకల్లోలము గావించిన సంగతి ఇచ్చటివారెవ్వరును మరువజాలరు. ఆ వ్యాధిని మోసికొనివచ్చు ఏడిస్ దోమ మురుగుకాల్వలో పుట్టునది కాదు. నిలిచియున్న తేటనీటినే కోరును. నీటిమట్టమునకు కొంచెము పైగా, తడిసియున్న గోడకు తన గ్రుడ్లను అంటించును. నీరింకినను ఆ గ్రుడ్లు నెలలతరబడి ఎండియుండి, మరల తడి తగిలిన తోడనే పిల్లలగును. కావున నీటిని పారబోసినంతమాత్రమున పని తీరినదనుకొనుట పొరపాటు. గ్రుడ్డు దోమయై ఎగురుటకు వారము పది దినములు పట్టును గనుక వారమున కొక్కపర్యాయము, అడుగు బిరడా తీసి నీటిని వదలి, కొబ్బరిపీచుతో లోపలి గోడలను, ముఖ్యముగా నీటిచార పైభాగమును, గట్టిగా రుద్ది కడిగి, పూర్తిగా ఆరనీయవలెను.

ఒక ఆదివారమునాడు ఆ నీటిని గాజుగ్లాసులో పట్టి, వెలుతురుకెత్తి మా మనుమరాలికి చూపితిని. సన్నని పురుగులు తలక్రిందులుగా వ్రేలాడుచుండి, గ్లాసు కదిలినంతనే మెలికలు తిరుగుచు అడుగునకు దిగినవి. “తాతా, ఇవేనా రెక్కలొచ్చి మనల్ని కుట్టేది?” అని ఆ బిడ్డ అడిగినది. నాటినుండి తొట్టి కడుగవలసిన దినమును నాకు గుర్తుచేయునది ఆమెయే.

రొనాల్డ్ రాస్ మన సికింద్రాబాదునందు 1897 ఆగస్టు 20వ తేదీన దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొనెను. ఆ మలేరియా దోమ రాత్రివేళ కుట్టునది. దోమతెర రాత్రికే అను భావము మనలో పాతుకొనిపోవుటకు అదియు నొక కారణమై యుండును. ఏడిస్ దోమయో పట్టపగలు, విశేషించి ప్రొద్దెక్కిన తరువాతను సాయంసంధ్యకు మునుపును కుట్టును. కావున పగటిపూట ఉయ్యాలలో నిదురించు శిశువునకు తెర కట్టవలెను. బడికి పోవు బాలునకు నిండుచేతుల చొక్కా తొడుగవలెను.

అన్నమునకు ముందును, మరుగుదొడ్డికి పోయివచ్చిన పిదపను సబ్బుతో చేతులు కడిగించుట, మంచినీళ్ల బిందెలో చేయి ముంచక కాడగల గరిటెతో తీయుట, టీకాలను సకాలమున వేయించుట, ఇవి తల్లులు ఎరుగనివి కావు. అయినను సమస్తమును వారి తలమీదనే మోపుట న్యాయమని నాకు తోచదు. కూలరును కిటికీకి బిగించినవాడు తండ్రి. దానిని కడుగవలసిన బాధ్యతయు అతనిదే. ఇక జ్వరము వచ్చిన బిడ్డకు ఆస్పిరిన్ మాత్ర వేయరాదు. డెంగ్యూలో అది రక్తస్రావమునకు దారితీయవచ్చును. జ్వరము తగ్గినదని సంతసించు దినములలోనే కడుపునొప్పియు, ఎడతెగని వాంతులును, చిగుళ్లనుండి నెత్తురును కానవచ్చినయెడల క్షణమైనను ఆలసింపక ఆస్పత్రికి కొనిపోవలెను.

ఏడిస్ దోమ పుట్టినచోటి నుండి బహుదూరము ఎగురదు. కాబట్టి ఒక యింటి తొట్టిలోని నీరు ఇరుగుపొరుగు పసివాండ్రకే ముప్పు. వేసవి సెలవులకు దుర్గ్ స్టేషనులో విశాఖ రైలెక్కబోవు మా వీధివారినెల్ల, ఇంటికి తాళము వేయుటకు మునుపే కూలరు నీటిని వదలి, తొట్టిని కడిగి ఆరబెట్టి పోవలసినదని చేతులు జోడించి వేడుచున్నాను.