చేప ఒప్పుకుంటేనే

అమెరికా వాయవ్య తీరంలో సియాటిల్, టకోమా నగరాల్ని ఆనుకుని ప్యూజెట్ సౌండ్ అనే సముద్రపు పాయ ఉంది. ఏటా శరత్కాలపు వానలతో కోహో సాల్మన్ చేపలు గుడ్లు పెట్టడానికి అక్కడి వాగుల్లోకి ఎదురీదుతూ వస్తాయి. చేపలు మళ్ళీ రావాలని ఊరివాళ్ళు ఆ వాగుల్ని శ్రమపడి బాగుచేశారు. చేపలు వచ్చాయి. వాన పడగానే నీటిపైకి తేలి, నోళ్ళు తెరుచుకుని, పక్కకు ఒరిగి గంటల్లో చచ్చిపోయాయి, కడుపులో గుడ్లు కడుపులోనే ఉండగా. కొన్ని వాగుల్లో వచ్చినవాటిలో సగానికి మించి ఇలాగే పోయేవి.

ఈ చావులకు కారణం తేల్చిన పరిశోధన పత్రం 2020 డిసెంబరులో సైన్స్ పత్రికలో వచ్చింది. ఫలితం గురించి లోకమంతా మాట్లాడుకుంది. నన్ను కట్టిపడేసింది మాత్రం అందులోని పనితనం.

అంతకుముందే దారి కొంత తెరుచుకుని ఉంది. వానకు రోడ్లమీంచి వాగుల్లోకి పారే నీటిలో ఉండే లోహాల్నీ, ఇంధనం కాలగా వచ్చే హైడ్రోకార్బన్లనీ అదే మోతాదులో కలిపి పెట్టినా కోహోలు చావలేదు. అసలు రోడ్డు నీరు పోస్తే చచ్చాయి. అదే నీటిని ఇసుక, కంపోస్టు కలిపిన మట్టిలోంచి వడకట్టి పోస్తే బతికాయి. అంటే దోషి ఎవరూ అనుమానించని పదార్థం. ఆ నీటి రసాయనపు జాడలు టైరు అరుగుదలతో సరిపోలాయి. టైరు పొడి చిన్న విషయమేమీ కాదు: శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతంలోకి వాననీరు మోసుకొచ్చే సూక్ష్మ తునకల్లో దాదాపు సగం నల్లటి రబ్బరు లాంటివేనని 2019 నాటి అధ్యయనం ఒకటి చెప్పింది.

ఇక్కడినుంచి జెన్యు టియాన్, ఎడ్వర్డ్ కొలోజే, జెనిఫర్ మెకింటైర్ బృందం చేసిన పని చూడాలి. టైరు తొక్కును సన్నగా చెక్కి నీటిలో నానబెట్టారు. ఆ ఊటలో రెండు వేలకు పైగా రసాయనాలు. వాటిని గుణాన్నిబట్టి భాగాలుగా విడదీసి, ప్రతి భాగాన్నీ పిల్ల కోహోలున్న నీటిలో కలిపి చూశారు. చేపలు బతికితే ఆ భాగాన్ని పక్కన పెట్టడం, చస్తే దాన్ని మరో పద్ధతిలో మళ్ళీ విడదీయడం. చేటతో చెరిగినట్టు, చెరిగిందాన్నే మళ్ళీ మళ్ళీ చెరిగారు. చివరికి వేళ్ళమీద లెక్కపెట్టగలిగినన్ని పదార్థాలూ, గులాబీ రంగు మడ్డి కొద్దిగా మిగిలాయి. యంత్రం ఎంత ఖరీదైనదైనా ఏ పదార్థం ఎంత ఉందో చెబుతుందే తప్ప ఏది చంపుతుందో చెప్పలేదు. ఆ తీర్పును వీళ్ళు ఒక్క దశలోనూ చేపకు తప్ప మరెవరికీ వదల్లేదు. నా దృష్టిలో ఈ పత్రానికి ప్రాణం అదే.

దొరికిన అణువులో 18 కార్బన్లు, 22 హైడ్రోజన్లు, రెండు నైట్రోజన్లు, రెండు ఆక్సిజన్లు. టైర్లలో వేసే రసాయనాల జాబితాల్లో అలాంటిది లేదు. ఒక డిసెంబరు రోజున టియాన్‌కు తట్టింది: ఇది టైరులో వేసింది కాకపోవచ్చు, వేసిందే మారి ఇలా అయి ఉండొచ్చు. కాస్త అటూ ఇటూగా సరిపోయేదాన్ని వెతికితే 6పీపీడీ కనిపించింది. గాలిలోని ఓజోన్ రబ్బరును పగలగొట్టకుండా దశాబ్దాలుగా టైర్లలో కలుపుతున్న పదార్థమిది. టైరు పైపొరకు చేరి, ఓజోన్ దెబ్బ తానే తిని, రెండు హైడ్రోజన్లు పోగొట్టుకుని రెండు ఆక్సిజన్లు తెచ్చుకుంటుంది. అంటే తన పని తాను సరిగ్గా చేయడంవల్లే విషమవుతోంది! మన బస్సుల, లారీల టైర్లలోనూ ఇదే రకం రక్షణ ఉంటుంది.

ఊహ దొరికింది కదా అని ఆగలేదు. 6పీపీడీకి ప్రయోగశాలలో ఓజోన్ పట్టించి, పుట్టిన క్వినోన్ అనే కొత్త పదార్థమూ తమకు దొరికిన అణువూ ఒకటేనని నిర్మాణం పోల్చి చూసుకున్నారు. దాన్ని చేపలున్న నీటిలో కలిపారు. అవే లక్షణాలతో చచ్చాయి. వాగుల్లోంచి తెచ్చిన వాననీటిలోనూ అది కనిపించింది.

సగం చేపల్ని చంపే మోతాదు లీటరుకు సుమారు 0.8 మైక్రోగ్రాములని అప్పుడు రాశారు. తర్వాత తూచి పోల్చుకోవడానికి శుద్ధమైన నమూనా అమ్మకానికి వచ్చింది. వీళ్ళే మళ్ళీ కొలిచి 2022లో సవరణ ప్రకటించారు: 0.095. పది లక్షల లీటర్లలో గ్రాములో పదోవంతుకన్నా తక్కువ. పేరు తెచ్చిపెట్టిన పత్రంలోని అంకెను ఎనిమిదింతలు తప్పని రాసి, తమ పేర్లతోనే అచ్చు వేయించారు.