కురిక్యాల కందాలు: గుట్టెక్కి చదివితే

అమ్మమ్మ వాళ్ల ఊరు కొడిమ్యాల. సెలవుల్లో పోతే మా తిరుగుడంతా కొండగట్టు దాకానే. అక్కడికి దగ్గర్లోనే, గంగాధర మండలం కురిక్యాల పక్కన, బొమ్మలమ్మ గుట్ట మీద పద్యాలున్నాయని ఉద్యోగంలో చేరాక గానీ తెలియలేదు. మొన్న దసరాకి వెళ్లినప్పుడు పొద్దున అంజన్న దర్శనం చేసుకుని, మధ్యాహ్నం ఆ గుట్టెక్కాను. అచ్చయిన శాసనపాఠం ఫోన్లో పెట్టుకున్నాను.

బండ మీద చక్రేశ్వరి, జైన తీర్థంకరుల బొమ్మలు. కింద శాసనం. వేయించినవాడు జినవల్లభుడు, కన్నడ మహాకవి పంపడి తమ్ముడు. కాలం సుమారు 945. సంస్కృతం, కన్నడం, తెలుగు మూడూ ఉన్నాయి. తెలుగులో ఉన్నవి మూడు కందాలు. మనకు దొరికిన వాటిలో ఇవే తొలి కందపద్యాలంటారు.

చిక్కంతా ఆ 'తొలి' అన్న మాటతోనే. బిరుదు ఇచ్చేసి పద్యాన్ని చదవడం మానేశాం.

చదివితే ఏముంది? విషయం చూస్తే అంతా పొగడ్తే. జినాలయాలు కట్టించడంలో, పూజల్లో, మునులకు అన్నం పెట్టడంలో జినవల్లభుడికి సాటెవరు అంటుంది ఒక కందం. ఇంకొకటి, ఎవరికైనా ఒక్కో గుణం ఉంటుందేమో గానీ ఇతని గుణాలు లక్షకు మించుతాయంటుంది. భావంలో లోతు లేదు, ఒప్పుకుంటాను.

కానీ పైకి చదివి చూడండి. మొదటి దాంట్లో నాలుగు పాదాల్లో మూడు 'జిన' అనే మొదలవుతాయి. గుణాల లెక్క చెప్పే పద్యంలో ప్రాస 'క్క'. ఒక్క, లెక్క, మిక్కిలి: అన్నీ ఇంట్లో మాట్లాడుకునే మాటలే. వేళ్ల మీద లెక్కపెడుతున్నట్టే వినిపిస్తుంది. ఇది తడబడుతూ వేసిన తొలి అడుగు కాదు, బాగా అలవాటైన చేతి పని. ఈ ప్రాసని చెవితో పట్టుకుని ముచ్చటపడే జనం లేకపోతే కన్నడ కవి తమ్ముడికి ఇక్కడ తెలుగు కందాలతో పనేముంది?

బళ్లో మాకు తెలుగు కవిత్వం నన్నయతో, గోదావరి ఒడ్డున మొదలైంది. మా వైపు మాటంటే యాస, అంతే. నన్నయకు దాదాపు వందేళ్ల ముందు మా అమ్మమ్మ ఊరి దగ్గర కందం విని ఆనందించినవాళ్లు ఉన్నారని ఈ మూడు పద్యాలు నాకు చెప్పాయి. వాళ్లు విన్న మిగతా పద్యాలు పోయాయి. బండ మీద చెక్కినవి కాబట్టి ఇవి మిగిలాయి.

కరీంనగర్ జిల్లాలో గుట్టలు గ్రానైట్ పలకలై లారీలెక్కడం మనకు కొత్త కాదు. పాఠానికి నకళ్లున్నాయి. బండకు బ్యాకప్ లేదు.