పతకం, పత్రం, ప్రాణం: బాల్జాక్ ‘కల్నల్ షబేర్’లో గుర్తింపు సమస్య

వ్యాససంగ్రహం: యుద్ధంలో మరణించినట్లు నమోదైన సైనికాధికారి తన పేరును, హోదాను, గౌరవ చిహ్నాన్ని తిరిగి పొందడానికి చేసే ప్రయత్నం ఒనొరే ద బాల్జాక్ నవలిక ‘కల్నల్ షబేర్’కు ఇతివృత్తం. దీనిని త్యాగగాథగా కాక, దస్త్రానికీ మనిషికీ మధ్య జరిగిన వివాదంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: బాల్జాక్, అభిజ్ఞానం, సైనిక దస్త్రం, పతకం, నిరూపణ భారం.

ఉపోద్ఘాతం

గుర్తు ద్వారా మనిషిని గుర్తించడం భారతీయ సాహిత్యంలో బలమైన కథాసూత్రం. రామాయణంలో హనుమంతుడు చూపిన ఉంగరం సీతకు నమ్మకం కలిగిస్తుంది. కాళిదాసు నాటకంలో అంగుళీయకం కనబడగానే దుష్యంతుని మరపు తొలగిపోతుంది. నాటకం పేరులోనే అభిజ్ఞానం ఉంది. ఈ కథలన్నింటిలోనూ ఒక విశ్వాసం అంతర్లీనంగా ఉంది: గుర్తు నిజమైనదైతే, చూసేవాడు దానిని అంగీకరిస్తాడు. అంగీకరించకపోతే దానికి శాపమో మాయో కారణమై ఉండాలి.

బాల్జాక్ ఈ విశ్వాసాన్నే ప్రశ్నించాడు. అతని నవలికలో శాపం లేదు. మరచిపోయినవారు కూడా ఎవరూ లేరు. గుర్తు ఉంది, సాక్ష్యం ఉంది, మనిషి ఎదురుగా నిలబడి ఉన్నాడు. అయినా గుర్తింపు జరగదు.

ఈ రచన 1832లో ‘రాజీ’ అనే అర్థం గల పేరుతో పత్రికలో వెలువడింది. 1835లో ‘ఇద్దరు భర్తల కౌంటెస్’గా, 1844లో ప్రస్తుత నామంతో ప్రచురితమైంది. మూడు పేర్లూ మూడు దృష్టికోణాలు. మొదటిది న్యాయవ్యవహారాన్ని, రెండవది కుటుంబ సంకటాన్ని, మూడవది బాధితుని పేరును ముందుకు తెచ్చాయి. ఏ పేరు కోసం కథానాయకుడు పోరాడి ఓడిపోయాడో ఆ పేరే చివరకు గ్రంథనామంగా నిలవడం గమనార్హం.

మరణం నమోదైన తీరు

1807 ఫిబ్రవరిలో ఐలౌ వద్ద నెపోలియన్ సేనలకూ రష్యన్ సేనలకూ జరిగిన భీకర యుద్ధం నేపథ్యం. అశ్వికదళాధిపతి షబేర్ తలపై కత్తిదెబ్బ తిని పడిపోతాడు. గుర్రాలు అతని మీదుగా పరుగెత్తుతాయి. చక్రవర్తి అతని స్థితి చూసిరమ్మని ఇద్దరు వైద్యులను పంపుతాడు. వారు నాడి అయినా చూడకుండానే మరణించినట్లు తేల్చుతారు. ఆ మాట ఆధారంగా, సైనిక నిబంధనల ప్రకారం లోపం లేని మరణపత్రం తయారవుతుంది.

ఇక్కడ బాల్జాక్ సూక్ష్మత పరిశీలించదగినది. పత్రంలో రాసినది అబద్ధం, కాని రాసిన పద్ధతి సక్రమం. కుట్ర ఎవరూ చేయలేదు. అజాగ్రత్త ఒక్క క్షణానిది. దానిపై పడిన అధికార ముద్ర మాత్రం శాశ్వతం.

శవాల గుంటలోనుంచి పైకి వచ్చిన షబేర్ హైల్స్‌బెర్గ్ ఆసుపత్రిలో ఆరు నెలలు చావుబతుకుల మధ్య ఉంటాడు. అక్కడి వైద్యుడొకరు అతడు బయటపడిన తీరును, గాయాల వివరాలను చట్టబద్ధంగా నమోదు చేయిస్తాడు. అంటే మరణపత్రానికి ప్రతిగా జీవనపత్రం కూడా ఉంది. తర్వాత తాను షబేర్‌నని చెప్పుకున్నందుకు స్టుట్‌గార్ట్‌లో పిచ్చివాడిగా జమకట్టి రెండేళ్లు నిర్బంధిస్తారు. ఆ పేరు చెప్పుకోవడం మానుకున్న తరువాతే విడుదల లభిస్తుంది. స్వేచ్ఛకు మూల్యం స్వనామ పరిత్యాగం. కథ చివర జరగబోయే దానికి ఇది తొలి సూచన.

కీర్తీ మరణమూ ఒకే వాక్యంలో

షబేర్ మరణం కేవలం ప్రభుత్వ దస్త్రాలకు పరిమితం కాలేదు. ఫ్రెంచి సేనల విజయాలను వర్ణించే చరిత్ర గ్రంథంలో అది వివరంగా చోటుచేసుకున్నదని అతడే న్యాయవాది దెర్విల్‌కు చెబుతాడు. నవలికలోని కీలక వైరుధ్యం ఇదే. అతని అశ్వికదళ దాడి విజయానికి తోడ్పడిందని చెప్పే గ్రంథమే అతడు మరణించాడనీ చెబుతుంది. తన శౌర్యానికి అతడు చూపగల ప్రమాణమే తన ఉనికికి వ్యతిరేక ప్రమాణం. మరణాన్ని కొట్టివేయమని అడిగితే కీర్తి ఆధారం కదులుతుంది. కీర్తిని నిలుపుకోవాలంటే మరణాన్ని అంగీకరించాలి. దస్త్రాల సవరణ కోరే సైనికుని దుఃస్థితిని ఇంత సంక్షిప్తంగా చూపిన కథనం అరుదు.

పతకం విషయంలోనూ ఇదే వైరుధ్యం కనిపిస్తుంది. షబేర్ లీజియన్ ఆఫ్ ఆనర్‌లో గ్రాండ్ ఆఫీసర్. నెపోలియన్ 1802లో స్థాపించిన ఆ గౌరవాన్ని, అతని పతనానంతరం వచ్చిన బూర్బన్ ప్రభుత్వం రద్దు చేయలేదు. పతకంపైనున్న నెపోలియన్ ముఖాన్ని తొలగించి నాలుగవ హెన్రీ ముఖాన్ని ఉంచింది. పతకం కొత్త పాలనలో రూపం మార్చుకొని బ్రతికింది. దానిని ధరించినవాడికి ఆ అవకాశం దక్కలేదు.

ప్రారంభ దృశ్యం ఈ కోణంలో కొత్త అర్థాన్నిస్తుంది. దెర్విల్ కార్యాలయంలో గుమాస్తాలు నకలు రాస్తున్నది ఒక వైకౌంటెస్ తరఫున లీజియన్ ఆఫ్ ఆనర్ కార్యాలయంపై వేసిన దావా. విప్లవంలో పోయిన ఆస్తులను పాత ప్రభువర్గం తిరిగి రాబట్టుకుంటున్న కాలమది. సరిగ్గా ఆ సమయంలోనే చినిగిన పాత కోటుతో షబేర్ ప్రవేశిస్తాడు. గుమాస్తాలు అతనిపై రొట్టెముక్క ఉండచుట్టి విసురుతారు, అతడు ద్వారపాలకుడా సైనికాధికారా అని పందెం కాస్తారు. పోయినదాన్ని తిరిగి కోరే అర్జీలు రెండూ ఒకే గదిలో ఉన్నాయి. ఒకదానిని వెంటనే చక్కని దస్తూరీతో రాస్తున్నారు. మరొకటి చెప్పుకోవడానికి షబేర్ అర్ధరాత్రి దాటాక రావలసి వచ్చింది.

రాజీలోని అన్యాయం

దెర్విల్ సహృదయుడు. షబేర్ మాట నమ్ముతాడు, తన డబ్బు ఖర్చుచేసి జర్మనీ నుంచి పత్రాలు తెప్పిస్తాడు. షబేర్ భార్య రోజ్ అప్పటికే కౌంట్ ఫెరోను వివాహమాడి పిల్లల తల్లి అయింది. ఆమెను కలిసినప్పుడు దెర్విల్ పన్నిన ఉపాయం న్యాయవాద చాతుర్యానికి నిదర్శనం. షబేర్ రాసిన మొదటి ఉత్తరంలో విలువైన పత్రాలున్నాయని అతడు యథాలాపంగా అంటాడు. అలాంటివేమీ లేవని ఆమె తొందరపడి చెప్పేస్తుంది. ఉత్తరం తనకు అందిందని, అంటే భర్త బ్రతికే ఉన్నాడని తెలుసునని, ఆ మాటతోనే ఒప్పుకున్నట్లవుతుంది.

దుష్యంతునికీ ఆమెకూ భేదం ఇక్కడ స్పష్టమవుతుంది. అతడు మరచిపోయాడు, ఆమె మరచిపోలేదు. షబేర్ మరణపత్రంపై ఆమె ఆస్తి, రెండవ వివాహం, పిల్లల భవిష్యత్తు, భర్త రాజకీయాశలు అన్నీ ఆధారపడి ఉన్నాయి. తప్పుడు నమోదు ఒకసారి జరిగితే దాని చుట్టూ ప్రయోజనాలు పెరుగుతాయి. అటుపైన సవరణ కేవలం వాస్తవాన్ని తేల్చే పని కాదు.

అందుకే దెర్విల్ రాజీని సూచిస్తాడు. ఆ మాట వినగానే షబేర్ తాను బ్రతికున్నానా చచ్చానా అని అడుగుతాడు. ఆస్తిలో సగం పంచుకోవచ్చు, బ్రతుకులో సగం పంచుకోవడం ఎలా? వాందోమ్ స్తంభం దగ్గర నిలబడి తన పేరు అరిస్తే ఆ కంచు తనను గుర్తిస్తుందని అతడు ఆవేశపడితే, పిచ్చాసుపత్రికి పంపుతారని న్యాయవాది హెచ్చరిస్తాడు. శత్రువుల ఫిరంగులను కరిగించి పోసిన ఆ స్తంభం విజయాన్ని స్మరిస్తుంది, విజేతను కాదు.

త్యాగమా, నిరాకరణా?

చివరకు కౌంటెస్ అతనిని గ్రోలేలోని తన ఇంటికి తీసుకువెళ్లి, ఆదరణ నటించి, తాను మోసగాడినని ఒప్పుకునే పత్రంపై సంతకం చేయించాలని చూస్తుంది. ఆ కపటం తెలిసిన షబేర్ పగ తీర్చుకోడు, సంతకమూ పెట్టడు. తన హక్కు మళ్లీ కోరనని నోటిమాట ఇచ్చి వెళ్లిపోతాడు.

దీనిని ఉదాత్త త్యాగంగా చదివే మార్గం ఒకటుంది. పిల్లల సుఖాన్ని చూసి అతని మనసు కరిగిన మాట వాస్తవమే కనుక ఆ పఠనాన్ని పూర్తిగా తోసిపుచ్చలేము. కాని త్యాగమే ప్రధానమైతే సంతకం పెట్టడానికి అభ్యంతరం ఉండదు. పేరును వదులుకోవడానికి సిద్ధపడినవాడు, ఆ పేరు అబద్ధమని రాసివ్వడానికి సిద్ధపడలేదు. పత్రం వల్ల సర్వం కోల్పోయిన వ్యక్తి ఇంకొక అబద్ధపు పత్రాన్ని పుట్టించడానికి నిరాకరించాడు. అతనికి మిగిలిన గౌరవం ఆ నిరాకరణలో ఉంది.

1840లో దెర్విల్ అతనిని బిసేత్ర్ వృద్ధాశ్రమంలో చూస్తాడు. అప్పుడతడు షబేర్‌ను కానంటాడు, తాను 164వ నెంబరునని చెబుతాడు. అనాథ శిశువుల ఆశ్రమంలో మొదలైన జీవితం వృద్ధుల ఆశ్రమంలో ముగియబోతున్నది. రెండుచోట్లా మనిషికి గుర్తింపు సంస్థ ఇచ్చిన నమోదే.

సమకాలీన ప్రాసంగికత

షబేర్ సమస్య తరువాతి కాలపు చట్టాలు గుర్తించినదే. 1946 నాటి చట్టం ఆధారంగా అమెరికాలో సైనిక దస్త్రాల సవరణకు పౌరసభ్యులతో కూడిన మండళ్లు ఏర్పడ్డాయి. తప్పును కనుగొన్న మూడేళ్లలో అర్జీ పెట్టుకోవాలి, న్యాయం దృష్ట్యా ఆ గడువును సడలించవచ్చు. పతకాల నమోదులో జరిగిన పొరపాట్లు కూడా వాటి ముందుకు వస్తాయి. షబేర్‌కు లేని తలుపు ఇది. అయితే దస్త్రం సక్రమమైనదేనన్న భావనతోనే విచారణ మొదలవుతుంది, తప్పని నిరూపించే భారం అర్జీదారునిదే. 1973 జులైలో సెయింట్ లూయిస్‌లోని దస్త్రాగారం అగ్నికి ఆహుతై కోటీ అరవై లక్షలకు పైగా సైనికుల వ్యక్తిగత పత్రాలు నశించాయి. కాగితాన్ని భద్రపరచలేకపోయింది సంస్థ. ఆ కాగితంలో ఉన్నదేమిటో మళ్లీ రుజువు చేయవలసింది మాత్రం ముసలితనంలో ఉన్న సైనికుడు.

ముగింపు

‘కల్నల్ షబేర్’ రికార్డులో పడిన తప్పును గురించిన కథగా మొదలై, ఆ తప్పు ఎవరికి అవసరమో చూపే కథగా పరిణమించింది. కాళిదాసు అభిజ్ఞానం మరపును పోగొట్టి ఇద్దరిని కలిపింది. బాల్జాక్ కథలో గుర్తుపట్టినవారే గుర్తుపట్టనట్లు నటించారు, కనుక ఏ గుర్తూ పనిచేయలేదు. యుద్ధం ముగిసిన ఏళ్ల తరువాత పతకం కోసం అర్జీ పట్టుకుని నిలబడే సైనికుడు అడిగేది లోహపు బిళ్లను కాదు. తాను అక్కడ ఉన్నానన్న ఒక్క వాక్యాన్ని రాసినవారే సరిదిద్దాలని అడుగుతాడు. షబేర్‌కు ఆ వాక్యం దక్కలేదు.