మార్చురీలో అమృతం

కొన్నేళ్ల కిందట నేను చేసిన తెలివితక్కువ పని ఒకటి ముందు ఒప్పుకోవాలి. వేర్లు నేర్పితే ఇంగ్లీషు మాటలు వాటంతటవే వచ్చేస్తాయని ఎక్కడో చదివి, యాభై గ్రీకు, లాటిన్ ధాతువులతో ఒక జాబితా తయారు చేశాను. బయో అంటే జీవం, జియో అంటే భూమి, క్రోనో అంటే కాలం, ఫోబియా అంటే భయం. శ్రీకాకుళం వెళ్లి జిరాక్సు తీయించి తొమ్మిదో తరగతికి పంచాను. పిల్లలు బుద్ధిమంతులు. వారం తిరక్కుండా యాభై బట్టీ కొట్టేసి ఎక్కాల్లా అప్పజెప్పారు. పరీక్షలో 'బయోగ్రఫీ' అంటే ఏమిటని అడిగితే ఒకడు 'జీవశాస్త్రంలో గీసే గ్రాఫు' అని రాశాడు. వాడికి సున్నా ఎలా వెయ్యను? బయో నేనిచ్చిందే, గ్రాఫు లెక్కల మాస్టారు ఇచ్చింది. రెండూ కలిపి వాడు న్యాయంగానే వండాడు.

ఆ జాబితా ఇప్పుడు నా దగ్గర లేదు. జిరాక్సు కాయితాల వెనక వైపు పిల్లలు చిత్తులెక్కలు చేసుకున్నారు.

మా బడి శ్రీకూర్మానికి దగ్గర. పిల్లల్లో సగం మంది గుడి చుట్టుపక్కల పెరిగినవాళ్లు, తతిమ్మావాళ్లు సముద్రం ఒడ్డువాళ్లు. ఇక్కడి స్వామి తాబేలు. ఆయన పడమటి వైపు చూస్తాడు, గుడికి ధ్వజస్తంభాలు రెండు, ప్రాంగణంలో వీపు మీద చుక్కలున్న నక్షత్ర తాబేళ్లని పెంచుతారు. నడక రాకముందు నుంచీ వాటికి ఆకుకూర పెట్టిన పిల్లలు మా క్లాసులో కూర్చుంటారు. ఇంత సరంజామా ఎదురుగా పెట్టుకుని నేను యాభై వేర్ల కాయితం పంచానంటే, పెరట్లో మునగచెట్టు పెట్టుకుని బజారుకి వెళ్లినట్టు.

ఒక రోజు పాఠంలో 'ఇమ్మోర్టల్' అనే మాట తగిలింది. అర్థం చెప్పి ముందుకెళ్లిపోవచ్చు. ఎందుకో ఆగి, "చావు లేకుండా ఉండాలంటే ఏం చెయ్యాలర్రా?" అన్నాను.

"అమృతం తాగాల మాస్టారూ."

"అదెలా వచ్చింది?"

ఆ తరవాత నేను నోరు విప్పనక్కర్లేకపోయింది. మందరగిరి, వాసుకి, తలవైపు ఎవరు పట్టారు, తోకవైపు ఎవరు, ముందు విషం, తరవాత లక్ష్మి. కొండ మునిగిపోతుంటే కింద వీపు కాసిందెవరంటే, గుడి వీధి పిల్ల లేచి "మా సామే గదేటి" అంది. ఇంట్లో మేనమామ గురించి చెప్పినట్టు చెప్పింది.

అప్పుడు బోర్డు మీద 'అమృతం' రాసి మధ్యలో గీత పెట్టాను. అ, మృతం. అకారం లేదంటుంది, మృతం చావంటుంది. దాని పక్కనే 'ఆంబ్రోసియా' రాశాను. గ్రీకుల దేవుళ్లు ఒలింపస్ కొండ మీద తినే ఆహారం అది. దాని లోపలున్న గ్రీకు మాట 'అంబ్రోతోస్'. అదీ అలాగే విడిపోతుంది, అర్థమూ అదే: చావు లేనిది. మకారానికీ రేఫకీ మధ్య బకారం దూరింది, అంతే తేడా. సంస్కృతం 'ఆమ్రం' ప్రాకృతంలో 'అంబం' అయినప్పుడు దూరిన బకారమూ ఇలాంటిదే. ఈ రెండు మాటల్లో ఒకరి దగ్గర ఒకరు అప్పు తెచ్చుకున్నది ఏమీ లేదు. ఒక తల్లి పిల్లలు, చిన్నప్పుడే వేరుపడి రెండు ఊళ్లలో పెరిగారు. ఆ ఇంట్లోనే పుట్టిన మూడోది లాటిన్ వైపు వెళ్లి 'మోర్ట్' అయింది. దాన్నుంచే మన పాఠంలోని ఇమ్మోర్టల్.

క్లాసు కాసేపు మెదలలేదు. రెండో వరసలో ఒక పిల్ల మెల్లగా చెయ్యెత్తింది.

"మార్చురీలో ఉన్నదీ అదేనేటి మాస్టారూ?"

అవునన్నాను. అంతకుముందు ఏడాది వాళ్ల తాతని పెద్దాసుపత్రిలో ఒక రాత్రంతా అక్కడ ఉంచారట. బయట మెట్ల మీద ఈ పిల్ల వాళ్ల నాన్నతో కూర్చుంది. 'మార్చురీ' తెలుగు మాటే అనుకుందట ఇన్నాళ్లూ. మనిషికి బట్టలు మార్చి, తెల్లగుడ్డ చుట్టి ఇచ్చేస్తారు కాబట్టి మార్చే గది, మార్చురీ. ఆ పిల్ల చెప్పింది విన్నాక నాకు వెంటనే మాట రాలేదు. నేను పదిహేనేళ్లుగా ఇంగ్లీషు చెబుతున్నాను. అమృతమూ మార్చురీ ఒకే గొడుగు కిందివని అంతకుముందు పుస్తకంలో చదివాను, అంతే. ఆ పూట వాటిని పక్కపక్కన చూసింది మాత్రం ఆ పిల్ల.

అప్పటినుంచి జాబితా ఎత్తను. కథ ఉంటేనే వేరు, అదీ పిల్లలు కథలో సగం ముందే ఎరిగి ఉంటేనే. ఇది నేను కనిపెట్టిన విద్యేమీ కాదు. మా జిల్లావాడే గిడుగు రామమూర్తి పంతులుగారు. 1863లో శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. పర్లాకిమిడిలో మాస్టారుగా ఉంటూ సవరలకి చదువు చెప్పడం కోసం ముందు తాను సవర నేర్చుకున్నారు. ఆ భాషకి 1931లో వ్యాకరణం, 1938లో నిఘంటువు అచ్చయ్యాయి. పిల్లవాడి నోట్లో ఉన్న మాట దగ్గర మొదలుపెట్టమని ఆయన తెలుగు విషయంలో ఎంత పోట్లాడారో అందరికీ తెలుసు. ఇంగ్లీషు మాస్టార్లకీ ఆ మాట వర్తిస్తుందని మాకెవరూ చెప్పలేదు.

మా పాఠ్యపుస్తకాలు ఇప్పుడు రెండు భాషల్లో వస్తున్నాయి, ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు. సైన్సు పుస్తకం అలా తెరిచి పెడితే వేర్లు వాటికవే కనిపిస్తాయి. ఫోటోసింథసిస్‌లో 'ఫోటో' వెలుగు, ఎదురుగా 'కిరణ'. 'సిన్' కలిసి, ఎదురుగా 'సంయోగ'. హైడ్రోజన్‌కి 'ఉదజని': హైడ్రో నీళ్లు, జెన్ పుట్టించేది. మన 'జని', వాళ్ల 'జెన్' కూడా అన్నదమ్ములే. ఆక్సిజన్ దగ్గర తమాషా ఉంది. ఆమ్లాలన్నిట్లో అది ఉండి తీరుతుందని లవోజియే పొరబడి, పులుపు పుట్టించేదని దానికా పేరు పెట్టాడు. హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ఆక్సిజన్ లేదు. కానీ మనవాళ్లు పేరుని నమ్మకంగా 'ఆమ్లజని' అని దించుకున్నారు, తప్పుతో సహా. పిల్లలకి ఇది మహా నచ్చుతుంది. పెద్దవాళ్లు తప్పుచేసిన చోటు ఏదైనా వాళ్లకి నచ్చుతుంది.

సముద్రం వైపు పిల్లలది వేరే తరహా. వేట బాగా పడే రోజుల్లో సగం బెంచీలు ఖాళీ. ఉన్నప్పుడూ పెదవి విప్పరు. 'నాషియా' అనే మాట వచ్చిన రోజున వాళ్లలో ఒకణ్ణి కదిపాను. "కడుపులో దేవడం అంటారే, అది. మొదటిసారి వేటకెళ్లినప్పుడు నీకు అయిందా?" తెల్లారి నుంచి మధ్యాహ్నం దాకా కక్కుతూనే ఉన్నాడట. వాళ్ల పెదనాన్న నవ్వి ఊరుకున్నాడట. గ్రీకులో 'నౌస్' అంటే నావ, ఆ మాట మన 'నావ'కి తోబుట్టువు. నావ ఎక్కితే వచ్చే జబ్బు కనక నాషియా. నేవీ, నావిగేషన్ కూడా ఆ ఇంటివే, లాటిన్ దారిన వచ్చాయి. ఆస్ట్రోనాట్ అంటే చుక్కల్లో నావ నడిపేవాడు. వాడు శ్రద్ధగా విని, "మాది నావ కాదండి, తెప్ప" అన్నాడు. నిజమే. ఆ తెప్పని ఇంగ్లీషువాళ్లు ఏమంటారో తెలుసా అని 'కాటమరాన్' రాశాను. తమిళుల 'కట్టుమరం' అది. కట్టు మనకీ కట్టే. మరం మన మాను. దుంగలు పక్కపక్కన కట్టినది. ఇంగ్లీషు నిఘంటువులో వీళ్ల తాతల తాడు ముడి అలాగే ఉంది. 'జింజర్' కూడా అంతే, గ్రీకు మీదుగా తిరిగివచ్చిన మన వైపు మాట. దాని అసలు రూపం చివర 'వేర్' ఉంది, మనం చెట్టుకి చెప్పే వేరే అది. మాటల వేర్లు వెతుకుతూ వెళ్తే ఒక్కోసారి వేరు అన్న మాటే దొరుకుతుంది.

గ్రీకు కథల్లో మావాళ్లకి ఎక్కువ ఇష్టమైనది సిరింక్స్ కథ. పాన్ అనే మేకకాళ్ల దేవుడు (పేరు వినగానే కిళ్లీ కొట్టు అనుకుని నవ్వారు) ఆ పిల్ల వెంటపడితే, పరుగెత్తి పరుగెత్తి ఏటి ఒడ్డున రెల్లుగా మారిపోయింది. ఆ రెల్లు గొట్టాలు కోసి వాడు పిల్లనగ్రోవి చేసుకున్నాడు. గొట్టం కాబట్టి డాక్టరు చేతిలో సిరంజి. గ్రీకులో 'సిరింక్స్'కి తవ్విన దారి అనే అర్థం కూడా ఉంది. అది సంస్కృతంలోకి 'సురంగ'గా వచ్చింది, కౌటిల్యుడి అర్థశాస్త్రంలో ఉంది, మన నోట్లో 'సొరంగం'. అరకు రైల్లో సొరంగం రాగానే కేకలు పెట్టిన పిల్లలకీ, సూది చూడగానే కేకలు పెట్టే పిల్లలకీ చుట్టరికం కుదిరింది. పానిక్ కూడా ఆ మేకకాళ్లవాడి పేరు మీదే వచ్చింది.

ఇలా చెబుతూ పోతుంటే నాకు నేనే అనుమానంగా ఉంటుంది. వెంకటేశాన్ని ముందు కూర్చోబెట్టుకుని గిరీశం చెప్పిన ఇంగ్లీషూ ధాటిగానే ఉంటుంది కదా. విజయనగరంలో కాలేజీ పాఠాలు చెప్పుకుంటూనే గురజాడ ఆ పాత్రని సృష్టించాడంటే, మాస్టార్లలోని ఆ గుణం ఆయనకి బాగా తెలిసే ఉండాలి. నా గిరీశం ఒకసారి బయటపడ్డాడు. ఒక పిల్లవాడు "కేలండర్లో మన కాలం ఉంది మాస్టారూ" అన్నాడు. భేష్ అన్నాను. క్లాసంతా చప్పట్లు కొట్టింది. ఇంటికెళ్లి చూస్తే రెంటికీ ఏ చుట్టరికమూ లేదు. రోమన్లు నెల మొదటి రోజుని కేలెండ్స్ అనేవారు, అరిచి చాటడం అనే మాట నుంచి వచ్చింది. ఆ రోజున అప్పుల లెక్కలు తేలేవి. మర్నాడు బోర్డు దగ్గర నిలబడి తప్పు చెప్పానని ఒప్పుకున్నాను. అప్పటినుంచి కుదరని పోలిక ఏది వచ్చినా క్లాసులో "కేలండర్, కేలండర్" అని అరుస్తారు.

ఒక తండ్రి వచ్చి అడిగారు. "మాస్టారూ, మన పురాణాలు సరిపోవా, ఆల్ల దేవుళ్లెందుకు?" కోపంగా కాదు, నిజంగానే అడిగారు. పైగా జూస్ దేవుడి సంసారం తొమ్మిదో తరగతికి చెప్పడం అంత తేలిక కాదు, సగం కథలు నేనే వడకట్టి చెబుతాను. అయితే మన ఇంద్రుడి కథలు వడకట్టకుండా చెబుతున్నామా? ఆయనకి నేను అశోకుడి సంగతి చెప్పాను. మన కళింగ మీదికి వచ్చి, లక్ష మందిని చంపానని, లక్షన్నర మందిని తరలించానని తానే పదమూడో శిలాశాసనంలో చెక్కించాడు. అదే శాసనంలో, అదే పశ్చాత్తాపం మధ్య, ఐదుగురు యవన రాజుల పేర్లున్నాయి. తురమయ అంటే టాలమీ, అంతియోక అంటే ఆంటియోకస్. మన ఏడుపూ వాళ్ల పేర్లూ ఒకే రాతి మీదున్నాయి. ఆయన విని, "ఐతే పాతసుట్టాలే" అని చెప్పి వెళ్లారు.

తాబేలు దగ్గరకే వస్తాను. ఇంగ్లీషు 'టోర్టాయిజ్' ఎక్కడిదంటే నిఘంటువులు ఎక్కువగా చెప్పేది టార్టరస్ నుంచి అని. గ్రీకుల పాతాళం అది, పాపాత్ములని పడేసే చోటు. తాబేలు ఆ చీకటి లోకపు జీవి అని ఆ కాలపు క్రైస్తవులు అనుకున్నారట. ఇది శ్రీకూర్మం పిల్లల ముందు చెప్పకూడని మాట. "సామినట్టుకుని నరకం పురుగంతారేటి?" అని గుడి వీధి పిల్ల లేచి నిలబడింది. చల్లార్చడానికి కెలోనీ కథ ఎత్తుకున్నాను. జూస్‌కీ హీరాకీ పెళ్లి. హెర్మీస్ ఇంటింటికీ తిరిగి దేవతల్నీ మనుషుల్నీ జంతువుల్నీ పిలిచాడు. కెలోనీ అనే అమ్మాయి మాత్రం కదల్లేదు. ఇల్లే హాయి అనుకుంది. హెర్మీస్ కోపంతో వచ్చి, ఇంటితో సహా ఆమెని ఏట్లోకి తోసి తాబేలుని చేశాడు. ఇల్లంటే అంత ఇష్టమైతే వీపు మీదే మొయ్యమన్నాడు. పెళ్లి పిలుపుకి వెళ్లకపోతే మాటపడాల్సిందేనని మా పిల్లలు ఏకగ్రీవంగా తీర్పు ఇచ్చారు. శాపం మాత్రం ఎక్కువైందన్నారు. గుడిలోని నక్షత్ర తాబేలు శాస్త్రీయనామం 'జియోకెలోనీ ఎలిగాన్స్'. నేల మీది కెలోనీ, అందగత్తె. మన తీరానికి గుడ్లు పెట్టడానికి వచ్చే ఆలివ్ రిడ్లీకి 'లెపిడోకెలిస్' అని పేరు, పొలుసుల తాబేలు.

పేర్లన్నీ బోర్డు మీద ఉన్నాయి. తెప్ప కుర్రాడు వెనకనుంచి అడిగాడు.

"మరి మన 'తాబేలు'కి వేరేటి మాస్టారూ?"

'తామేలు' అని పాత రూపం ఉందని చెప్పి రాశాను. తమిళులు 'ఆమై' అంటారు, కన్నడంలో 'ఆమె', ఇవన్నీ ఒక ఇంటి మాటలే అన్నాను. 'ఆమె' అని రాయగానే క్లాసు గొల్లుమంది. నవ్వులాగాక గుడి వీధి పిల్ల తాపీగా అంది:

"కెలోనీ ఆమే గదా మాస్టారూ."

"కేలండర్!" అని అరిచాయి రెండు బెంచీలు. నేనూ కేలండరే అన్నాను. డస్టర్ తీసుకుని ఒక్కొక్కటే తుడుస్తూ వచ్చి, ఆ మాట దగ్గర ఆగాను. గంట కొట్టారు.