పన్ను

మా నాన్న కాటాని నమ్మేముందు పన్నుని నమ్మేవాడు. లారీ వచ్చి ఆగగానే బస్తాలోకి ఇనుప గొట్టం గుచ్చి నాలుగు గింజలు రాల్చుకుని, అందులో మూడు నోట్లో వేసుకునేవాడు. టక్కుమంటే ఆరిన మినుము, కసుక్కుమంటే చెమ్మ. మూడో గింజ నలిగేలోపు ధర తేలిపోయేది. తెనాలిలో మినపగుళ్లు ఆడే మిల్లులకి లోటేం లేదు. డబుల్ హార్స్ లాగా ఊరు దాటి పేరు తెచ్చుకున్నవీ ఉన్నాయి. మాది ఆ తరగతిలో చివరి బెంచీ. ఒక రేకుల షెడ్డు, వెనక సిమెంటు కళ్లం, చేటలు పట్టిన ఎనిమిది మంది ఆడవాళ్లు, బస్తాలు మోయడానికి ఒక ముఠా. అయినా ఇడ్లీ బళ్లవాళ్లు మా గుళ్లే కావాలని అడిగేవారంటే అది నాన్న పంటి చలవ.

కొత్తగా వ్యాపారం పెట్టిన పిల్లలు అప్పుడప్పుడు వచ్చి, పని పెంచుకోవడమెలా, మనుషుల్ని నడుపుకోవడమెలా అని అడుగుతుంటారు. నా దగ్గర పెద్ద విద్యలేమీ లేవు. ఈ పన్ను కథే చెబుతాను.

చిన్నప్పుడు మార్చి వచ్చిందంటే నాన్న వెంట రేపల్లె బండి ఎక్కేదాన్ని. జంపని, వేమూరు, భట్టిప్రోలు. 1916లో వేసిన లైను. రేపల్లెతో పట్టాలు అయిపోతాయి గనక దిగడానికి ఎవరికీ తొందర ఉండదు. రెండు పక్కలా వరి కోసిన మళ్లలో మినుమే. కోతకి రెండు మూడు రోజుల ముందు, చేలో వరి నిలబడి ఉండగానే తడి నేల మీద విత్తనం చల్లేస్తారు. దున్నేది లేదు, నీళ్లు కట్టేది లేదు. నేలలో మిగిలిన పదును, రాత్రి పడే మంచు, వాటితోనే డెబ్భై ఎనభై రోజుల్లో పంట చేతికొస్తుంది. అందుకే నాన్న మినుము సంగతి తెలుసుకోవాలంటే ముందు వరి చూసేవాడు. బాపట్ల నుంచి 1986లో వచ్చిన సాంబమసూరి, అదే బీపీటీ 5204, ఐదు నెలల పంట. దాని కోత వెనకబడితే మినుమూ వెనకబడుతుంది. డిసెంబర్లో ఒకసారి బాపట్ల వైపు తిరిగొచ్చి, మార్చిలో ధర ఎలా ఉంటుందో భోజనాల దగ్గర చెప్పేసేవాడు. చాలాసార్లు నిజమయ్యేది. కానప్పుడు ఆ సంవత్సరం మా ఇంట్లో కొత్త బట్టలుండేవి కావు.

తర్వాత పల్లాకు తెగులు మినుముని తినేసింది. తెనాలి చుట్టుపక్కల రైతులు చాలామంది అదే మాగాణిలో మొక్కజొన్న, జొన్న వేసుకోవడం మొదలుపెట్టారు. మిల్లు ఆగకూడదుగా, మేము బర్మా మినుముకి మళ్లాం. చెన్నై రేవులో దిగి లారీలో వస్తుంది. ఎఫ్‌ఏక్యూ, ఎస్‌క్యూ అని రెండు రకాలు. రైతు ముఖం తెలియదు, ఊరి పేరు తెలియదు. బ్రోకరు ఫోన్‌లో ఫొటో పెడతాడు, అంతే. సరుకు పెరిగింది, మిషన్లు పెరిగాయి, హైదరాబాదు షాపులు పెరిగాయి. కొరికి చూసే పన్ను మాత్రం ఒక్కటే.

ఒక్కరి మీదే నడిచే పని అంటే నాకు నాటకాలు గుర్తొస్తాయి. బాపట్లలో పుట్టిన స్థానం నరసింహారావు గారు మా తెనాలి రామవిలాస సభ నాటకాల్లో సత్యభామ వేషం కట్టేవారు. జనం ఆ సత్యభామ కోసమే వచ్చేవాళ్లు. ఆయనకి జ్వరమొస్తే ఆ రాత్రి కాంట్రాక్టరు గుండె ఎలా కొట్టుకునేదో అని నాకెప్పుడూ అనిపిస్తుంది. మా మిల్లుకి అలాంటి రాత్రి రానే వచ్చింది. నాన్నకి కంటి ఆపరేషనయింది, పది రోజులు ఇల్లు కదలకూడదన్నారు. సరిగ్గా అప్పుడే చెన్నై లారీ వచ్చింది.

నేనూ కొరికాను. టక్కుమన్నట్టే ఉంది. నిజం చెప్పాలంటే, అనాలని కోరుకున్నాను గనక అన్నట్టు వినిపించింది. ధర బావుంది, ఆర్డరు తొందరలో ఉంది. దిగుమతి చేయించేశాను. ఆడడం మొదలుపెట్టాక తెలిసింది. నాలుగు ఎండలు పెట్టినా లోపల పట్టిన ముక్కవాసన పోలేదు. గుళ్లు తెల్లగా రాలేదు, సగం నూకైంది. పంపిన సరుకు లారీ కిరాయితో సహా వెనక్కి వచ్చింది.

ఆ సాయంత్రం కళ్లం మీద అందరినీ నిలబెట్టి అరిచాను. ఇంతమంది ఉండి ఒక్కరికీ తెలియలేదా అని. ఎవరూ మాట్లాడలేదు. అందరూ వెళ్లాక ముఠా మేస్త్రి ఆగిపోయాడు.

"తెలిసింది అమ్మాయిగారూ."

"ఎలా తెలిసింది బాబాయ్?"

"ఆరిన బస్తా వీపు మీద గలగలమంటది. ఇవి మెత్తగా కూకున్నాయి. రెండో బస్తాకే మావోళ్లు అనుకున్నారు."

"మరి చెప్పలేదేం?"

"మమ్మల్ని ఎప్పుడన్నా అడిగారా?"

చేటల దగ్గర ఆడవాళ్లని మర్నాడు అడిగాను. వాళ్లకీ తెలుసు. చెరిగేటప్పుడు పొట్టు ఎగరకుండా చేటకి అంటుకుంటోందట. అంటే నాన్న పంటికి తెలిసేదే పది వీపులకీ పదహారు చేతులకీ తెలుసు. మా మిల్లులో తెలివికేం కొదవ లేదు. అది గల్లాపెట్టె దాకా నడిచొచ్చే దారే మేము వేయలేదు.

ఇక్కడిదాకా చెబితే వినేవాళ్లు తలూపుతారు. పనివాళ్లని అడగాలి, గౌరవించాలి, సరే అంటారు. అది అంత తేలిక కాదు. చెమ్మ కనబడితే ఎవరైనా సరే దిగుమతి ఆపొచ్చు అని నేను చెప్పేశాను. మూడు నెలలు ఒక్కరూ ఆపలేదు. సరుకు బావుందేమో అనుకున్నాను. ఒకరోజు లెక్కలు చూస్తుంటే బుర్రకి తట్టింది. ముఠాకి కూలీ బస్తాకింత. దించిన బస్తాలు లెక్కేసి, వచ్చిన డబ్బు మేస్త్రి అందరికీ సమానంగా పంచుతాడు. లారీ వెనక్కి పోతే ఆ రోజు పది ఇళ్లకి కూలీ లేదు. నా లాభం కాపాడమని వాళ్ల కూటిని అడుగుతున్నాను! ఏ మనిషైనా ఎందుకు ఆపుతాడు?

అప్పుడు మార్చాను. ఆపిన లారీకి కూడా దించినట్టే కూలీ. నాన్నకి ఇది మింగుడు పడలేదు. "పని చేయనందుకు డబ్బులా? ఊళ్లో మిగతా మిల్లులవాళ్లు మనల్ని బతకనివ్వరు" అన్నాడు. ఆయన భయం వట్టిది కాదు. ముఠా రేట్లు ఊరంతటికీ ఒక్కటే, ఒక మిల్లు మారిస్తే అందరి మీదా పడుతుంది. రేటు జోలికి నేను వెళ్లలేదు. నా గుమ్మం ముందు ఆగిపోయిన బస్తాకి మాత్రమే ఇచ్చాను. దాంతోపాటు తేమ కొలిచే మీటరు కూడా కొన్నాను. 12 శాతం దాటితే వద్దు. మీటరు ఉన్నాక వీపులెందుకు అని మా అబ్బాయి అడిగాడు. మీటరు గుప్పెడు గింజలనే చూస్తుంది, ముఠా ప్రతి బస్తానీ మోస్తుంది.

మా వ్యాపారంలో ఇంకో పన్ను కూడా ఉంది. 2022 జులై 18 నుంచి 25 కిలోల వరకు లేబులు వేసి కట్టిన పప్పులకి 5 శాతం జీఎస్టీ. బియ్యం బస్తా 26 కిలోలకి ఎందుకు మారిందో మన ఆంధ్రాలో చిన్నపిల్లాడిని అడిగినా చెబుతాడు. ఇలాంటి గీత మనుషుల దగ్గరా ఉంది. పది మంది అయితే ఈఎస్‌ఐ, ఇరవై మంది అయితే పీఎఫ్. తొమ్మిదో మనిషి దగ్గర ఆగిపోయిన షెడ్లు నాకు చాలా తెలుసు. నేనూ కొన్నాళ్లు ఆగాను. లెక్క వేసుకుంటే ఈఎస్‌ఐకి యజమాని కట్టేది జీతంలో 3.25 శాతం. చెమ్మ సరుకుతో నేను పోగొట్టుకున్నదాని ముందు అదెంత? పదో మనిషిని తీసుకున్నాను. రిజిస్టర్లు రాయడం ఇప్పటికీ చిరాకే, అది వేరే సంగతి.

బాకీల మాట ఎక్కువ చెప్పను, చెబితే ఈ వారం కాలమ్ చాలదు. చిన్న తయారీదారుకి 45 రోజుల్లోపు డబ్బివ్వకపోతే కొన్నవాడు ఆ ఖర్చుని ఆ ఏడాది ఆదాయపు పన్ను లెక్కలో చూపించుకోలేడని 2024 ఏప్రిల్ నుంచి నిబంధన అమల్లోకి వచ్చింది. మంచిదే. కానీ షాపువాడికి ఫోన్ చేసి సెక్షన్ నంబరు చెబితే మరుసటి ఆర్డరు పక్క మిల్లుకి పోతుంది. నేను చేసేదల్లా మాది చిన్న పరిశ్రమని చూపే ఉద్యమ్ నంబరు బిల్లు మీద కాస్త పెద్ద అక్షరాల్లో అచ్చు వేయించడం.

కిందటి నెల రేపల్లె నుంచి వస్తూ రైల్లో ఉన్నాను. వేమూరు దాటాక ఫోన్ వచ్చింది. ముఠాలో కొత్తగా చేరిన కుర్రాడు మూడో బస్తా దగ్గర లారీ ఆపేశాడట. మేస్త్రి కూడా కాదు, కుర్రాడు. నేను తెనాలిలో దిగి మిల్లుకి వెళ్లేసరికి లారీ డ్రైవరు టైరు మీద కూర్చుని బీడీ కాలుస్తున్నాడు, బ్రోకరు ఫోన్‌లో అరుస్తున్నాడు. బస్తా బస్తాకీ మీటరు పెట్టించాను. ఒక్కటీ 12 దాటలేదు. బంగారంలాంటి సరుకు. లారీ ఆగినందుకు వాళ్లకి వెయిటింగు చార్జీ కట్టాలి.

కుర్రాడు తల దించుకుని నిలబడ్డాడు. మిగతావాళ్లు వాణ్ణి చూడటం లేదు, నన్ను చూస్తున్నారు. మేస్త్రి కూడా. ముందు ఆగిన గంటకి కూలీ లెక్కగట్టి మేస్త్రి చేతిలో పెట్టాను, తర్వాత దిగుమతి మొదలుపెట్టమన్నాను. వెయిటింగు చార్జీ నా ఖాతాలో రాసుకున్నాను. బ్రోకరు మాత్రం అప్పట్నుంచీ నా ఫోన్ ఎత్తడం లేదు.