శిథిలములును బురాణనామములును: ఒక క్రీడావిమర్శ

1974లో అమెరికాదేశమున గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనువారు ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ అను పాత్రధారణక్రీడను వెలువరించిరి. ఆడువారు తలకొక పాత్రను ధరింతురు. ఒకఁడు కథకుఁడై పాడుపడిన కోటలను, నేలమాళిగలను, అందలి భూతములను వాక్కుచేతనే కల్పించును. సందిగ్ధస్థలములఁ బాచిక నిర్ణయించును. ఆశుకవిత్వమునకు ద్యూతమునకుఁ బుట్టిన బిడ్డ యనవచ్చును. పురాణవస్తువును గైకొనుట దోషము గాదు. మార్కండేయపురాణకథయే కదా మనుచరిత్రమైనది.

కైకొనిన తీరే విచార్యము. 1977 నాఁటి వారి భూతకోశమున రాక్షసుఁడు పులితలతో నగపడును. మంత్రపూతమైన బాణముచేతఁ జచ్చును. ఎవనినుండి తన్ను రక్షించుకొనవలయునో వాఁడు రాక్షసుఁడని యాస్కుని నిర్వచనము. జలములను రక్షింతుమన్నవారే రాక్షసులైరని యుత్తరకాండకథ. ఒకే ధాతువునుండి భయమును రక్షణమును రెండును బుట్టినవి. తపస్సును, వేదాధ్యయనమును గల రావణుఁ డీ శబ్దమున నిముడును, పులిమొగమున నిముడఁడు. 1980 నాఁటి దేవతాగ్రంథమున నింద్రాగ్నుల ప్రాణబలమును సైతము అంకెలతోఁ గట్టిరి! పూణేవారు 2020లో వెలువరించిన ‘రాజి’ యను వీడియో క్రీడయందు దుర్గావిష్ణువులు సంవాదరూపమునఁ గథ చెప్పుదురు. పురాణపద్ధతి యిందుఁ గొంత నిలిచినది.

పరులననుటకు ముందు మన యూరు చూతము. అనకాపల్లి చెంతనున్న శంకరము సంఘారామశబ్దభవమందురు. నాకును సమ్మతమే. కాని ఘకారమునకు గకారము రావలసినచోఁ గకారమును, సకారమునకు శకారమును వచ్చుటకు శివనామసాదృశ్యమే హేతువని నా తలంపు. వరుసలుగాఁ జెక్కిన ఱాతిస్తూపములను లింగములని భ్రమించి లింగాలకొండ యనిరి. బొజ్జన్నకొండను 1906-08 ప్రాంతమున అలెగ్జాండర్ రీ త్రవ్వింపఁగా విహారశిథిలములతో సముద్రగుప్తుని బంగారునాణెమును దొరకినది. అయినను కనుమనాఁ డిచటి యొక రూపమును రాక్షసుఁడని యెంచి ఱాళ్లు రువ్వు నాచారము చిరకాలము సాగి, యిటీవలనే పురావస్తుప్రియుల పూనికచే నడఁగినది. అమెరికావారు పేరు నిలిపి రూపము మార్చిరి. మనము రూపము నిలిపి పేరు మార్చితిమి. ఱాళ్లు రువ్వినది మాత్రము మనమే.

మన యువకులు బొజ్జన్నకొండను రంగముగాఁ గొని యిట్టి క్రీడ రచింతురేని, గుహలో నొక రక్కసిని బెట్టుట మిక్కిలి సులభము. ద్వారపాలకులను దాటి, పదునాఱు స్తంభముల నడుమనున్న యేకశిలాస్తూపముకడ కాడువారిని జేర్చి, దీని నెవరు చెక్కిరి, ఎందులకు విడిచిపోయిరి యని వారినే యడుగునట్టి కథకుని నేను గోరుదును.